వీళ్ళకు ఎనిమిదో తరగతి లేదు

క్రిందటి సంచికకు బి.ఏ. మొదటి సంవత్సరం వాళ్ళు ఇచ్చిన ఏడు రాతల్లో ఆరు గోడ ఎక్కలేదు. కారణం అక్షరదోషాలు. ఎంపిక చేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆ కాగితాలు నేనూ చూశాను. 'విద్య' అని ఉండాల్సిన చోట 'విద్‌య' అని ఉంది. 'భాష' కాస్తా 'బాశ' అయింది. ఒక పిల్ల 'ప్రభుత్వం' అనే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసింది. అంతవరకూ సరే. ఆ తర్వాత హాస్టల్ వరండాలో నడిచిన మాటలే నాకు మింగుడు పడలేదు. "ఒత్తులు రానోళ్ళు తెలుగు డిపార్టుమెంటుకు ఎందుకొస్తారో" అని ఒకరు, "సీట్లు నిండాలని ఎవర్ని బడితే వాళ్ళను చేర్చుకుంటే ఇంతే" అని ఇంకొకరు. అన్నది బయటివాళ్ళు కాదు, మనమే. ఈ వ్యాసం ఆ మాటలకు జవాబు అనుకోండి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 2025లో మన దగ్గర చేరిన పిల్ల ఎక్కడా ఆగకుండా చదువుకుంటూ వచ్చి ఉంటే, 2020 మార్చిలో ఏడో తరగతి చివర్లో ఉండాలి. ఆ నెలలోనే కరోనా అని బడులు మూశారు. తమిళనాట పది, పన్నెండు తరగతులకు 2021 జనవరి 19న, తొమ్మిది, పదకొండు తరగతులకు ఫిబ్రవరి 8న తలుపులు తెరిచి, కొన్నాళ్ళకు మళ్ళీ మూశారు. ఎనిమిదో తరగతికి ఆ కొన్నాళ్ళు కూడా దక్కలేదు. మళ్ళీ 9 నుంచి 12 వరకు తరగతులు మొదలైంది 2021 సెప్టెంబరు 1న. అంటే మన మొదటి సంవత్సరం పిల్లలు ఏడులో ఇంటికెళ్ళి తొమ్మిదిలో బడికొచ్చారు. ఎనిమిదో తరగతి వీళ్ళ కాగితాల్లో ఉంది, చదువులో లేదు.

ఆ ఏడు ఏం పోయిందో తెలుగు చదివినవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. మా బడిలో ఎనిమిదిలోనే సంధులు గట్టిగా చెప్పారు, గురువు లఘువు గుర్తించడం అప్పుడే, సొంతంగా రెండు పేజీల వ్యాసం రాయించింది అప్పుడే. వారానికో కాపీ పుస్తకం ఇస్తే ఎర్రసిరాతో నిండిపోయి వెనక్కొచ్చేది. ఆ ఎర్రసిరాయే నాకు తెలుగు నేర్పింది. వీళ్ళకు ఆ ఏడు ఎర్రసిరా లేదు. తొమ్మిదిలో అడుగుపెట్టాక టీచరు మాత్రం ఏం చేస్తుంది? ఎనిమిది చెబితే తొమ్మిది అందదు, తొమ్మిది చెబితే పిల్లలకు పునాది లేదు, ముందర పదో తరగతి పబ్లిక్ పరీక్ష కూర్చుని ఉంది. ఆమె పరీక్షకు కావలసినంత చెప్పి పంపించింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

నాదీ ఆ కాలపు చదువే. 2020 పదో తరగతి బ్యాచి మాది. మార్చి 27న మొదలు కావలసిన పరీక్షలు జూన్ 1 అన్నారు, ఆ తర్వాత జూన్ 15 అన్నారు, జూన్ 9న అసలు లేవన్నారు. త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షల మార్కులకు 80 శాతం, హాజరుకు 20 శాతం లెక్కగట్టి పాస్ చేశారు. 'కరోనా పాసు' అని మమ్మల్ని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. చేస్తే చేయనీ. మాకు పోయింది ఒక పరీక్ష. పదేళ్ళ చదువు అప్పటికే చేతిలో ఉంది. మా తర్వాత వాళ్ళకు పోయింది చదువు. ఈ తేడా తెలియకుండా వాళ్ళ చేతిరాత చూసి నవ్వడం అన్యాయం.

"దేశమంతా పోయింది గదా, తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా ఏం పోయింది" అని మీరడగవచ్చు. దేశమంతా పోయిన మాట నిజమే. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా వంటి వాళ్ళు 15 రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్ళకు వెళ్ళి చేయించిన 'లాక్డ్ అవుట్' సర్వేలో, పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్న పిల్లలు 8 శాతమే అని తేలింది. అసలు ఏమీ చదవకుండా ఉన్నవాళ్ళు 37 శాతం. తర్వాత అసర్ 2022 నివేదిక ప్రకారం, పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్ళు 2018లో 27.3 శాతం ఉంటే 20.5కి పడిపోయారు. మన తమిళనాడులో 10.2 నుంచి 4.8కి. ఈ రాష్ట్రం అంతకీ చదువులో ముందుండే రాష్ట్రం అని మనం గొప్పగా చెప్పుకుంటాం.

ఈ లెక్కల్లో మాతృభాష కోసం వేరే గడి లేదు. తెలుగు మీడియం పిల్ల, తమిళ మీడియం పిల్ల అందులో కలిసిపోతారు. వాళ్ళిద్దరికీ జరిగింది మాత్రం ఒకటి కాదు.

తమిళ పిల్ల బడి మూశాక కూడా తమిళ అక్షరం మధ్యనే బతికింది. వాళ్ళ ఇంటి గోడ మీద రోజుకో కాగితం చింపే కేలండరు తమిళం. బస్సు బోర్డు తమిళం, రేషను అంగడి బోర్డు తమిళం, టీవీలో కింద పరుగెత్తే వార్త తమిళం, "మాస్కు లేనిదే రావద్దు" అని అంగడి తలుపుకు అంటించిన కాగితం కూడా తమిళం. బడి లేకపోయినా వీధి కొంత చదువు చెప్పింది. మా హోసూరు పక్క తెలుగు పిల్లకు ఏముంది? ఇంట్లో నోరు తెలుగు, వీధిలో కన్ను తమిళం. మా ఇంట్లో తెలుగు అక్షరమున్నవి ఏవని ఒకసారి వెతికి చూశాను. రెండు పెళ్ళి పత్రికలు, ఒక పంచాంగం, మా బడి పుస్తకాలు, అంతే. ఊళ్ళో సినిమా పోస్టరు ఒకటుండేది, థియేటర్లు మూశాక అదీ లేదు. బయటి తెలుగువాళ్ళకు తెలుగు మాట అమ్మ ఇస్తుంది, తెలుగు అక్షరం బడి మాత్రమే ఇస్తుంది. విజయవాడలో ఉన్నవాళ్ళకు ఇది ఎంత చెప్పినా అర్థం కాదు, వాళ్ళకు బడి మూస్తే బడే మూస్తారు. మనకు బడి మూస్తే అక్షరం వచ్చే దారి మొత్తం మూసుకుపోతుంది.

దీనికి నాకు తెలిసిన సాక్ష్యం బాగలూరు పక్క పల్లెలో ఉండే మా చిన్నాయన కొడుకు. బడులు మూసినపుడు వాడు ఒకటో తరగతి. అప్పటికి అచ్చులు, హల్లులు, గుణింతాలు దిద్దేశాడు. ఒత్తులు రెండో తరగతిలో రావాలి. ఆ రెండో తరగతి మొత్తం పోయింది, మూడో తరగతిలోనూ సగం పోయింది. ఒకటి నుంచి ఎనిమిది వరకు బడులు తెరిచింది 2021 నవంబరు 1న గదా. ఈ మధ్యలో వాడికి తమిళం మాత్రం వచ్చింది, టీవీలోంచీ వీధిలోంచీ ఫోన్‌లోంచీ. తమిళంలో ఒత్తు అనేది లేదు, అక్షరం నెత్తిన చుక్క పెట్టి పక్కన ఇంకో అక్షరం రాస్తారు. వాడు చాలా తెలివైనవాడు, తనకు తెలిసిన పద్ధతిని తెలియని చోట పెట్టాడు. అమ్మను 'అమ్‌మ' అని రాశాడు, అక్కను 'అక్‌క' అని రాశాడు. తమిళంలో క, గ, ఖ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం, అందుకని 'ఖర్జూరం' ఖ, 'భయం' భ వాడికి దండగ అనిపించాయి. ఇప్పుడు వాడు ఏడో తరగతి. ఇంకా ఒత్తు పెట్టాలంటే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఇది బద్ధకం కాదు, బుద్ధిమాంద్యం అంతకంటే కాదు. పైన చెప్పిన 'విద్‌య' ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పొచ్చు గదా అంటారా? మా అవ్వ మాట్లాడే తెలుగు విని మన మేడమ్‌గారే నోట్సు రాసుకున్నారు. అంత తెలుగు ఉన్న అవ్వకు అ ఆ రావు. "రాసేది మాకేడ తెలుసుమ్మే" అంటుంది. చిన్నాయన ఐదు వరకు తెలుగులో చదివి, ఆపై పూలతోటల్లో పడ్డాడు. ఆ ఏడు రోజాపూలు కొనేవాళ్ళు లేక కోసి గుట్టలుగా పారబోశారు. ఆ దిగులులో ఉన్న మనిషిని పట్టుకొని కొడుక్కి ఒత్తులు దిద్దించలేదేమని ఎవరడుగుతారు?

ఇక టీచర్ల మాట. కరోనా కాలంలో టీచర్లు ఇంట్లో కూర్చొని జీతం తిన్నారనే మాట నేను చాలాసార్లు విన్నాను. మా ఊరి పంచాయతీ యూనియన్ బడి టీచరమ్మను చూసినదాన్ని గనక ఆ మాట నాకు ఒంటికి పట్టదు. పిల్లల ఇళ్ళలో ఉన్నది ఒకటే ఫోను, అది నాన్నతో పాటు పొద్దున్నే కంపెనీకి పోతుంది, రాత్రి ఏడుకు ఇల్లు చేరుతుంది. కాబట్టి ఆమె పాఠం రాత్రి ఎనిమిదికి. వాయిస్‌నోట్ పెట్టేది. వెనకాల కుక్కర్ విజిల్ వినబడేది, ఆమె పిల్లల అల్లరి వినబడేది, ఒకసారి వాళ్ళత్త కేకలూ వినబడ్డాయి. పిల్లలు పలక మీద రాసి ఫోటో తీసి పంపేవాళ్ళు. సగం ఫోటోలు మసక. కనబడినవాటిమీద ఆమె ఫోన్‌లోనే వేలితో ఎర్రగీత గీసి తిప్పి పంపేది. వేలు లావు, అక్షరం సన్నం. ఒత్తు ఎక్కడ పెట్టాలో చూపించబోతే గీత అక్షరమంతా కప్పేసేది. "నోటితో చెబితే ఒత్తు కనబడదుమ్మా, చెయ్యి పట్టుకొని దిద్దించాల" అని ఆమె మా అమ్మతో అన్న మాట నాకు గుర్తుంది. చెయ్యి పట్టుకోవడమే అప్పుడు నిషేధం.

కొన్నాళ్ళకు ఆమె ఊళ్ళోకి వచ్చింది. ఒక మేకల కొట్టం గోడకు సున్నం కొట్టించి, దాని మీద పెద్ద పెద్ద ఒత్తులు రాసింది. పిల్లలు దూరం దూరంగా నిలబడి చదివి, మట్టిలో పుల్లతో రాసేవాళ్ళు. ఇలాంటివి దేశంలో చాలాచోట్ల జరిగాయి. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లా డుమర్‌థర్ అనే ఊళ్ళో ఇళ్ళ మట్టిగోడల మీదే నల్లబల్లలు వేసి, ఒక్కో పిల్లను ఒక్కో బల్ల ముందు కూర్చోబెట్టి పాఠం చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చింది. మా టీచరమ్మ సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. ఇన్ని పనుల మధ్య ఆమె పుస్తకాలు పంచింది, ఎన్నికల డ్యూటీ చేసింది. ఆన్‌లైన్ క్లాసుకు రీచార్జి ఆమె సొంత డబ్బే.

ఆమెది ప్రభుత్వ ఉద్యోగం, జీతమైనా వచ్చింది. పోస్టు ఖాళీగా ఉన్న చోట తల్లిదండ్రుల సంఘం తరఫున నెలకింత అని ఇచ్చి పెట్టుకున్న టీచర్లు, ప్రైవేటు బడుల టీచర్లు ఆ మాత్రం కూడా లేకుండా పోయారు. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పాఠం చెప్పే మనిషికి బియ్యం ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చిందంటే ఇంకేం చెప్పాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. కల్వి టీవీలో పాఠాలు వేశారు. మా ఇంట్లో పెట్టినప్పుడల్లా తమిళంలోనే వినబడేది. లెక్కలు, సైన్సు ఏ భాషలో చెప్పినా ఎలాగో పట్టుకోవచ్చు, తెలుగు ఒత్తును తమిళంలో ఎవరు చెప్తారు? 2021 అక్టోబరులో 'ఇల్లం తేడి కల్వి' వచ్చింది. ఇంటిని వెతుక్కుంటూ వచ్చే చదువు అని దానర్థం. ఆ వీధిలోనే ఉండే చదువుకున్నవాళ్ళు, ఎక్కువమంది మనలాంటి ఆడపిల్లలే, నెలకు 1,000 రూపాయలకు సాయంత్రం గంటో గంటన్నరో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు చెప్పారు. మంచి పథకం, నాకు దాని మీద గౌరవముంది. కానీ వీధిలో చదువుకున్న పిల్ల తమిళ మీడియంలోనే చదివి ఉంటే, ఆమె ఎంత మంచిదైనా తెలుగు పిల్లలకు తెలుగు చెప్పలేదు. తెలుగు రాసేవాళ్ళు ఒక్కరైనా ఉన్న వీధికి తెలుగు చేరింది, లేని వీధికి చేరలేదు.

తమిళం మీద నాకు అభ్యంతరమేమీ లేదని ఇక్కడే చెప్పాలి, లేకపోతే కొందరు వేరేగా తీసుకుంటారు. 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం రాకపోతే ఇక్కడ బస్సు కూడా ఎక్కలేం, నేర్చుకోవాల్సిందే. నా బాధ ఏమంటే, ఆరేళ్ళ పిల్ల ఒకేసారి రెండు లిపులు పట్టుకొని నడుస్తున్నప్పుడు ఒక చెయ్యి మాత్రమే వదిలేశారు. బడులు తెరిచాక ఏమైంది? తెలుగులో చదవలేకపోతున్న పిల్లను చూసి, "దీనికి తెలుగు రాదు, తమిళ మీడియంలో వేసేద్దాం" అని మా పక్క కొందరు తల్లిదండ్రులు మార్చేశారు. వాళ్ళ తప్పూ కాదు. అట్లా నలుగురు మారితే ఆ తరగతిలో మిగిలేది ఆరుగురు. ఆరుగురి కోసం తెలుగు టీచరు ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. టీచరు పోతే ఆ ఆరుగురూ పోతారు. కరోనా పోయింది గానీ, ఈ లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

ఆడపిల్లల సంగతి మన కాలేజీలో చెప్పకపోతే ఎక్కడ చెప్తాం? ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది ముందు అన్నకో తమ్ముడికో పోయింది. అక్క పొయ్యి దగ్గర ఉంది. నాతో పది చదివిన ఇద్దరు పదకొండులో చేరకుండానే పెళ్ళిళ్ళైపోయాయి. బడి నడుస్తుంటే టీచరమ్మ ఇంటికి పోయి "ఏమక్కా, పిల్ల బడికి రాలేదే" అని అడిగేది. ఆ అడిగే మనిషి లేకపోవడం ఎంత పెద్ద నష్టమో ఏ సర్వే లెక్కలోకీ రాదు. ఇన్ని దాటుకొని మన మొదటి సంవత్సరం పిల్లలు డిగ్రీ దాకా వచ్చారు, అందులోనూ కంప్యూటరో కామర్సో అనకుండా తెలుగు అడిగి చేరారు. ఒత్తులు రానోళ్ళు తెలుగుకు ఎందుకొస్తారని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే: రావాలని ఉంది గనక వచ్చారు, నేర్పే బడి మూసేశారు గనక రాకుండా వచ్చారు.

అయితే తప్పుల్ని తప్పులుగానే గోడ మీద పెట్టేద్దామా? వద్దు. అది దయ కాదు, ఆ పిల్లలకే అవమానం. రేపు వీళ్ళలో సగం మంది బి.ఇడి. చేసి టీచర్లవుతారు. 'విద్‌య' అని రాసే టీచరు చేతికింద ఇంకో నలభైమంది 'విద్‌య' అనే రాస్తారు. అందుకే ఈ పని వీళ్ళ దగ్గరే ఆగాలి. నేను అడిగేదల్లా ఆ ఆరు కాగితాలూ బీరువాలో పడేయకుండా, రాసిన పిల్ల పక్కన మనలో ఒకరు కూర్చొని, ఎర్రసిరాతో దిద్ది, ఎందుకు దిద్దామో చెప్పి, ఆమె చేతే మళ్ళీ రాయించి గోడెక్కించాలని. ఒక్కో కాగితానికి గంట పడుతుంది. ఎం.ఏ.లో మనం తొమ్మిది మందిమి ఉన్నాం.

డిపార్టుమెంటుకు కూడా ఒక విన్నపం. మొదటి సెమిస్టరులో ప్రాచీన కవిత్వంలోకి దిగేముందు ఒక నెల రోజులు ఎనిమిదో తరగతి పాఠం చెప్పించండి. పేరు మాత్రం ఇంకేదైనా పెట్టండి, 'ఎనిమిదో తరగతి' అంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. సంధి విడదీయడం రాకుండా పద్యం చదివించడం పిల్లకూ పద్యానికీ ఇద్దరికీ కష్టం. ఛందస్సు పేపరులో ఏటా ఎందుకు తప్పుతున్నారో మేడమ్‌గార్లకు నాకంటే బాగా తెలుసు.

సెలవులకు ఊళ్ళకెళ్ళే మనకింకో పని ఉంది. వేపనపల్లి, తళి, శూలగిరి, తిరుత్తణి, గుమ్మిడిపూండి, మనం వచ్చిన ఊళ్ళు ఇవే. అక్కడి తెలుగు బడుల్లో ఇప్పుడు ఏడు, ఎనిమిది చదువుతున్నవాళ్ళే అప్పటి ఒకటీ రెండూ తరగతుల వాళ్ళు. ఇంకో రెండేళ్ళలో వాళ్ళు పదో తరగతి పరీక్ష రాస్తారు. వాళ్ళలో తెలుగు నిలబడినవాళ్ళే ఐదేళ్ళ తర్వాత ఈ డిపార్టుమెంటులో ఉంటారు. నేను సంక్రాంతి సెలవుల్లో మా ఊరి బడిలో పది రోజులు సాయంత్రం పూట కూర్చోవడానికి హెడ్‌మాస్టరును అడిగాను, సరేనన్నారు. ఒత్తుల పట్టిక ఒకటి చేత్తో రాసి తయారు చేశాను. ఎవరికైనా కావాలంటే హాస్టల్లో నా దగ్గరికి రండి, జిరాక్సు తీసిస్తాను.

— ఎం.ఏ. తెలుగు, మొదటి సంవత్సరం విద్యార్థిని